అడిగేవారు, కొనేవారు

పాత బండిని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవారికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం కొనేవారివి కావు. బండి ఉందా అని అడిగి, ఉందని చెప్పగానే మాయమయ్యేవారు కొందరు. చూడకుండానే లాస్ట్ రేటు చెప్పమనేవారు కొందరు. ఆదివారం పొద్దున్నే వస్తామని చెప్పి ఆ రోజంతా ఫోన్ ఎత్తనివారు, వచ్చి గంటసేపు చూసి ఇంట్లో అడిగి చెబుతామని వెళ్లి మళ్లీ కనిపించనివారు ఇంకొందరు. వీరందరినీ కలిపి టైంపాస్ బేరగాళ్లు అంటారు. వీరి వల్ల అమ్మేవారి జేబులోంచి రూపాయి పోదు కాబట్టి ఈ నష్టం ఏ లెక్కలోకీ రాదు. పోయేది పొద్దు. పొద్దును నమ్ముకుని బతికే ఇళ్లలో అది చిన్న నష్టం కాదు.

గుంటూరు, ప్రకాశం మైదానంలో పాత బండి అమ్మకం పంటతో ముడిపడి ఉంటుంది. నల్లరేగడిలో పత్తి తీతలు అక్టోబరులో మొదలై సంక్రాంతి దాటేదాకా సాగుతాయి. ఆ వెంటనే మిర్చి కోతలు ఊపందుకుంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తుతాయి. చేతిలో డబ్బు ఆడేది ఆ నెలల్లోనే. పాత ట్రాక్టర్లు, టాటా ఏస్‌లు, బొలెరో పికప్‌లు, స్ప్లెండర్లు ఎక్కువగా చేతులు మారేదీ ఆ నెలల్లోనే. పంట కలిసొచ్చినవాడు పెద్ద బండికి పోదామని ఉన్నది అమ్ముతాడు. రేటు పడిపోయినవాడు అప్పు తీర్చడానికి ఉన్నది అమ్ముతాడు. ఇద్దరికీ అది ఊపిరి సలపని కాలం. కల్లంలో కాయ ఎండుతుంటుంది, కూలీలు తాలు ఏరుతుంటారు, మబ్బు పట్టిందంటే పట్టాలు కప్పడానికి పరుగెత్తాలి. అలాంటి పూట "అన్నా, బండి ఉందా?" అంటూ వరసగా ఫోన్లు వస్తుంటే ప్రతిదానికీ చేతిలో పని ఆపి జవాబు చెప్పాలి. చెప్పకపోతే అందులో నిజమైన బేరం చేజారిపోతుందేమోనన్న బెంగ.

ఈ నేలకు బేరం కొత్త కాదు. కొనేవాడెవరో, ఉత్తినే అడిగేవాడెవరో తేల్చే ఏర్పాట్లు ఇక్కడి అంగళ్లలో ముందునుంచీ ఉన్నాయి. ఒంగోలు జాతి ఎడ్లు కొనేవాడు తెల్లవారకముందే బయలుదేరి సంతకు చేరేవాడు. పళ్లు చూసి వయసు కట్టి, సుడులు చూసి, నడిపించి చూసి, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర మాట్లాడేవాడు. రానుపోను ఖర్చు, పోయిన ఒక రోజు పని అతను ముందుగానే పెట్టిన పెట్టుబడి. పొగాకు దగ్గరికి వచ్చేసరికి ఆ జల్లెడ చట్టమే పట్టింది. 1975 నాటి చట్టంతో 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో బోర్డు వేలాలు 1985లో మొదలయ్యాయి. బోర్డు దగ్గర నమోదైన వ్యాపారి తప్ప మరొకరు అక్కడ పాట పాడడానికి లేదు. మిర్చి యార్డులోనూ 1966 నాటి మార్కెట్ల చట్టం కింద లైసెన్సు ఉన్న వ్యాపారే సరుకు కొంటాడు. రైతుకూ అతనికీ నడుమ కమీషన్ ఏజెంటు ఉంటాడు. ఈ మూడు చోట్లా నోరు విప్పి ధర అడిగే హక్కు ఊరకే దక్కదు.

ఆన్‌లైన్ అంగట్లో ఈ జల్లెడ లేదు. 2006లో పుట్టిన ఓఎల్‌ఎక్స్, 2008లో వచ్చిన క్వికర్, ఆ తర్వాత ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఊరూరి వాట్సాప్ గ్రూపులు అమ్మేవారికి చేసిన మేలు పెద్దది. వినుకొండ పక్క పల్లెలో ఉన్న బండి చీరాలలో కనిపిస్తుంది, ఖమ్మంలో కనిపిస్తుంది. బ్రోకర్ చెప్పిన ఒక్క రేటుకే తల ఊపాల్సిన అవసరం తగ్గింది. అయితే చూసేవారు పెరిగినకొద్దీ అడిగేవారూ పెరిగారు. అడగడానికి ప్రయాణం అక్కర్లేదు, పరిచయం అక్కర్లేదు, మాట తప్పితే పరువు పోతుందన్న జంకు అక్కర్లేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అన్న సామెత ఈ అంగట్లో అక్షరాలా నిజమైంది. ఖర్చంతా చెప్పేవాడి మీదే పడింది. టైంపాస్ బేరాలు పెరగడానికి మూలం ఇదే గానీ మనుషులు కొత్తగా చెడిపోవడం కాదు. మందు కూడా ఈ మూలంలోనే దొరుకుతుంది. అడిగేవాడు ఒక్కో మెట్టు ఎక్కాలంటే కొంత శ్రమో, కొంత ఖర్చో, ఇచ్చిన మాటో పెట్టేలా దారి వేయాలి. యార్డులో చట్టమూ ఏజెంటూ కలిసి చేసే ఆ పని ఇక్కడ అమ్మేవారే చేసుకోవాలి.

ఆ పని మొదలుపెట్టే ముందు ఎదుటివారి వైపు నుంచి కూడా చూడాలి. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో రాసిన పేరుపొందిన వ్యాసానికి పాత కార్ల అంగడే ఉదాహరణ. బండి లోపాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు. అందుకని కొనేవాడు మంచి బండికి కూడా అనుమానపు ధరే కడతాడు. ఆ ధర గిట్టక మంచి బండ్లవాళ్లు తప్పుకుంటే అంగట్లో నాసిరకమే మిగులుతుంది. సమాచారం ఇద్దరి దగ్గరా సమానంగా లేని అంగళ్ల మీద చేసిన కృషికి అకెర్లాఫ్‌కు మరో ఇద్దరితో కలిపి 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. కొనేవారి ప్రశ్నల్లో సగం ఈ భయంలోంచి పుట్టేవే. వడ్డీకి తెచ్చిన డబ్బుతో ఏస్ కొనుక్కుని కిరాయికి తిప్పుకుందామనుకునే మనిషి పదిసార్లు అడగడం న్యాయం. జాగ్రత్తపరుడికీ టైంపాస్ మనిషికీ తేడా ఎన్ని ప్రశ్నలు అడిగాడన్నదానిలో తెలియదు, ఏమడిగాడన్నదానిలో తెలుస్తుంది. జాగ్రత్తపరుడు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ తీరిందా, ఎన్నో ఓనరు, ఇంజిన్ విప్పారా, ఎక్కడికొచ్చి చూడాలి అని అడుగుతాడు. రెండోవాడికి ఇవేమీ పట్టవు.

జల్లెడలో మొదటిది ప్రకటన. ప్రశ్నల్లో సగం అక్కడే ఆగిపోవాలి. మోడల్, రిజిస్ట్రేషన్ అయిన నెల, సంవత్సరం, ఎన్నో ఓనరు, తిరిగిన కిలోమీటర్లు, ఫైనాన్స్ ఉన్నదీ లేనిదీ, చలానాలు, ఇన్సూరెన్స్ గడువు స్పష్టంగా రాయాలి. రవాణా బండి అయితే పర్మిట్, ఎఫ్‌సీ గడువులు కూడా రాయాలి. బండి కొన్న ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి కాబట్టి పాత ఏస్ ధరలో అది పెద్ద మాట. ఫొటోల్లో మెరిసే ముందు భాగం ఒక్కటే చాలదు. మీటరు రీడింగు, నాలుగు టైర్లు, ట్రాలీ అడుగు రేకు, సీట్లు కనిపించాలి. లోపాలు దాచకుండా రాయడం అన్నిటికన్నా ఎక్కువ పొద్దు మిగులుస్తుంది. తలుపు కింద తుప్పు ఉంది, సెల్ఫ్ అప్పుడప్పుడు మొరాయిస్తోంది అని ముందే రాస్తే, ఆ లోపం చూపి ధర విరగ్గొట్టే బేరమూ తగ్గుతుంది, అది నచ్చనివాళ్ల రాకా తగ్గుతుంది. సీబుక్కు (ఆర్సీ) పూర్తి ఫొటో, ఆధార్ ఫొటో ప్రకటనలో పెట్టకూడదు. ఫోన్ చేయాల్సిన వేళ రాయాలి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా అని ఉంటే నిజంగా కావలసినవాడు ఆ వేళకే చేస్తాడు. అర్జెంటుగా అమ్మబడును అన్న మాట మాత్రం రాయకూడదు. అది ధర తెగ్గొట్టేవాళ్లను పిలిచి కూర్చోబెట్టడమే.

రెండోది ఫోన్. ఇక్కడ ఎక్కువగా వినిపించేది "లాస్ట్ ఎంతకిస్తారు?" అన్న ప్రశ్న. చూడని బండికి ధర తేల్చమనడం నీళ్లలో గేదెను ఉంచి బేరమాడటం లాంటిది. మొహమాటానికి ఫోన్‌లోనే కనీస ధర చెబితే అది బేరానికి ముగింపు కాదు, మొదలు అవుతుంది. ఇంటికొచ్చాక అక్కడి నుంచి కిందికి అడుగుతారు. "బండి చూడండి, నచ్చితే కూర్చుని మాట్లాడుకుందాం" అన్న ఒక్క మాట చాలు. చూడటానికి వస్తానన్నవాడు నిలబడతాడు, మిగతావాడు తనంతట తానే తప్పుకుంటాడు. తన బండికి ఎంత రేటు వస్తుందో తెలుసుకోవడానికి అడిగేవారుంటారు. తన పాత ఆటో తీసుకుని పైన కొంత ఇస్తే ఇస్తారా అని ఎక్స్‌చేంజి అడిగేవారుంటారు. ఇంకా డబ్బు కూడని కుర్రవాడు స్ప్లెండర్ మీద ఆశతో అడుగుతాడు. వీరెవరినీ కసురుకోవాల్సిన పని లేదు. ఆ కుర్రవాడే వచ్చే ఏడు కొనేవాడు కావచ్చు. కుదరదు తమ్ముడూ అని ఒక్క ముక్కలో మర్యాదగా చెబితే ఇద్దరికీ పొద్దు మిగులుతుంది. నాన్చి చెప్పే జవాబే మరో నాలుగు ఫోన్లకు దారి తీస్తుంది.

వస్తానన్నవారికి రోజు, వేళ, చోటు కచ్చితంగా చెప్పాలి. బయలుదేరేటప్పుడు ఒక ఫోన్ చేయమనాలి. ఆ ఫోన్ రాలేదంటే ఎదురు చూపులు అక్కర్లేదు, పొలం పని మానుకుని ఇంట్లో కూర్చోనక్కర్లేదు. ఒకే పూటకు ఇద్దరు ముగ్గురిని రమ్మనడంలో తప్పు లేదు, ఆ సంగతి వారికి ముందే చెబితే చాలు. ఒకరు రాకపోయినా ఆ పూట వృథా కాదు.

బండి దగ్గరికి వచ్చాక మనిషి ఇట్టే తెలిసిపోతాడు. టాటా ఏస్‌నే తీసుకుంటే, 2005లో వచ్చిన మొదటి రకంలో ఉన్నది 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, 16 హార్స్‌పవర్. అది సీటు కింద ఉంటుంది. నిజంగా కొనేవాడు పొద్దున్నే, బండి ఇంకా స్టార్ట్ చేయకముందే వస్తాడు. వెంట మెకానిక్ ఉంటాడు. సీటు ఎత్తగానే మెకానిక్ చేసే మొదటి పని ఇంజిన్ మీద అరచేయి పెట్టడం. వెచ్చగా తగిలితే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, చల్లటి ఇంజిన్ ఎన్నోసారికి అందుకుంటుందో ఇక చూడటానికి ఉండదు. తర్వాత ఆయిల్ పుల్ల తీసి, అంటిన ఆయిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతాడు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేస్తాడు. అక్కడి నుంచి పొగ తన్నుకొస్తే రింగులు అరిగినట్టు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. ఛాసిస్ నంబరు మీద మట్టి తుడిచి, ఆర్సీలో నంబరుతో ఒక్కో అంకె సరిచూస్తాడు. ఈ పనంతా అవుతున్నప్పుడు కొనేవాడు పెద్దగా మాట్లాడడు. టైంపాస్‌కు వచ్చినవాడు అదే వేళ హారన్ కొట్టి, పాటలు పెట్టి చూసి, టైరును కాలితో తన్ని, రంగు బాగాలేదని, ఇదే బండి ఫలానా ఊళ్లో ఇంకా తక్కువకు వచ్చిందని చెబుతుంటాడు.

ట్రయల్ చూస్తానంటే లైసెన్సు చూసిన తర్వాతే తాళం ఇవ్వాలి, అమ్మేవారు పక్క సీట్లో ఉండాలి, ఎంత దూరం వెళ్లి తిరిగి రావాలో ముందే అనుకోవాలి. ఇన్సూరెన్స్ గడువు తీరిన బండిని ట్రయల్‌కు రోడ్డెక్కించకూడదు, దారిలో ఏం జరిగినా అది రిజిస్టర్డ్ ఓనరు మెడకు చుట్టుకుంటుంది. మెకానిక్ ఎత్తి చూపిన లోపానికి ధర తగ్గించడం న్యాయమైన బేరం. ధర కుదిరాక, లేచి వెళ్లేటప్పుడు మళ్లీ రెండు వేలు తగ్గించమనడం న్యాయం కాదు. అక్కడ ఒకసారి తగ్గినవాళ్లు డబ్బు చేతికొచ్చే పూట మరోసారి తగ్గాల్సి వస్తుంది.

నోటి మాటకూ బేరానికీ మధ్య ఉన్న గీత బయానా. అది పడేదాకా బండి అందరికీ అమ్మకంలో ఉన్నట్టే. చూడటానికి వచ్చిన ప్రతివారికీ ముందు బయానా ఇచ్చినవారిదే బండి అని చెప్పి ఉంచాలి. ఈ గీత గీయకపోతే ఎక్కువ నష్టం బ్రోకర్ల వల్ల వస్తుంది. బ్రోకర్ల పని తప్పుడు పని కాదు, చదువు రాని, ఫోన్ వాడటం తెలియని ఎందరికో వారే దిక్కు. చిక్కల్లా బావమరిది కోసమని చెప్పి, నోటి మాట మీద ధర ఒప్పించి, రూపాయి పెట్టకుండా పార్టీని వెతుక్కునేవారితోనే. బండి అమ్ముడైందనుకుని అమ్మేవారు ఈలోగా వచ్చినవాళ్లను తిప్పి పంపేస్తారు. సీజన్ దాటిపోతుంది. "బ్రోకరైతే చెప్పండి, కమీషన్ మాట్లాడుకుందాం, పార్టీని తీసుకురండి" అని సూటిగా అడిగితే ఆ దాగుడుమూతలు ఆగుతాయి. పాత బండ్ల వ్యాపారం చేసేవారు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. వ్యాపారికి బండి అప్పగించేవారు ఆ పత్రం చూపమని అడగవచ్చు.

మూఢమని, శూన్యమాసమని, శుక్రవారం పూట లక్ష్మిని ఇంట్లోంచి పంపబోమని చెప్పి కొనడం వాయిదా వేసేవారు ఈ ప్రాంతంలో ఎందరో ఉంటారు. అది చాలామందికి నిజమైన నమ్మకం, కొందరికి తప్పుకునే సాకు. తేల్చేది బయానాయే. మూఢం పోయాక తీసుకెళతానంటూ ఇవాళే బయానా ఇచ్చినవాడు కొనేవాడు. అతని కోసం ఆగవచ్చు. కుదిరిన ధర, ముట్టిన సొమ్ము, మిగతాది ఇచ్చే తేదీ, తేదీ దాటితే ఏం చేయాలన్నదీ ఒక తెల్ల కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేసి, సాక్షి చేత కూడా పెట్టించుకుంటే తర్వాత మాట పెరగదు.

వీరందరికీ పూర్తిగా వేరైన మనిషి ఒకడున్నాడు. అతను బేరమే ఆడడు. సైన్యంలోనో, పారామిలటరీలోనో పని చేస్తున్నానంటాడు, గుర్తింపు కార్డు ఫొటో పంపుతాడు, డ్యూటీలో ఉన్నాను కాబట్టి బండి చూడటానికి రాలేనంటాడు, చెప్పిన ధర ఇప్పుడే పంపేస్తానంటాడు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందంటాడు. 2016లో మొదలైన యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, డబ్బు అందుకోవడానికి పిన్‌తో పనే లేదు. ఈ తరహా మోసాల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతపు ముఠాలను తెలుగు రాష్ట్రాల పోలీసులు అరెస్టు చేసిన సందర్భాలున్నాయి. టైంపాస్ బేరగాళ్లకూ ఈ మోసగాడికీ సంబంధం లేదనిపిస్తుంది గానీ, వారే ఇతనికి దారి వేసి పెడతారు. రోజుల తరబడి లాస్ట్ ఎంత అన్న మాట విని విసిగిన మనిషికి మారు మాట్లాడకుండా సరేనన్నవాడు దేవుడిలా కనిపిస్తాడు. అలిసిపోయినప్పుడే జాగ్రత్త సడలుతుంది. చూడకుండా కొంటానన్నవాడికి బండి లేదని చెప్పడమే మంచిది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. డబ్బు పంపినట్టు చూపే స్క్రీన్‌షాట్లను కూడా నమ్మకూడదు, బ్యాంకు ఖాతాలో జమ చూసుకున్నాకే తాళం ఇవ్వాలి.

బండి ఇచ్చేశాక కూడా పొద్దు తినేవారుంటారు. పేరు మార్పించుకుంటానని చెప్పి నెలలు గడిపేవారు ఆ రకం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో బండి అమ్మినవారు 14 రోజుల్లో ఆ సంగతి రవాణా శాఖకు తెలపాలి. ఇందుకు ఫారం 29, పేరు మార్పుకు ఫారం 30, ఫైనాన్స్ తీరి ఉంటే ఆర్సీలో దాన్ని కొట్టివేయించడానికి ఫారం 35 ఉన్నాయి. పేరు మారనంత కాలం ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనరుదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. చలానాలూ పాత ఓనరు ఫోన్‌కే వస్తుంటాయి. అందుకని కొంత సొమ్ము పేరు మారాక ఇస్తాననే ఒప్పందం కన్నా, ఇద్దరూ కలిసి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పూర్తి చేశాకే బండి కదలడం మేలు. బండి అప్పగించిన తేదీ, గంట, నిమిషం రాసిన కాగితం మీద కొన్నవారి సంతకం తీసుకుని దాచుకోవాలి.

పొద్దు తినేది కొనేవైపు మాత్రమే కాదు. ఎంతొస్తుందో చూద్దామని అమ్మే ఉద్దేశం లేకుండా ప్రకటన పెట్టేవారు, ఫైనాన్స్ బాకీ దాచేవారు, అమ్ముడైన బండి ప్రకటన తీయకుండా వదిలేసేవారు కూడా అదే పని చేస్తున్నారు. మాచర్ల నుంచి కూలి మానుకుని ఒంగోలు దాకా వచ్చి, నిన్ననే ఇచ్చేశామన్న మాట వినే మనిషి నష్టం కల్లంలో ఫోన్ ఎత్తే రైతు నష్టం కన్నా తక్కువ కాదు. ప్రకటన చాలామంది చూసినా ఎవరూ ఇంటికి రాకపోతే తప్పు అడిగేవారిలో కాక ధరలో ఉందేమో చూసుకోవాలి. చుట్టుపక్కల అదే మోడల్, అదే సంవత్సరం బండ్లు ఎంతకు పోతున్నాయో కనుక్కుని ధర దిద్దుకోవాలి. బండి అమ్ముడైన రోజే ప్రకటన తీసేయాలి. చూసి వెళ్లి ఆలోచించుకుంటున్నవారికి, వస్తామని చెప్పి ఉన్నవారికి బండి ఇచ్చేశామని ఒక మెసేజ్ పెట్టాలి. తన పొద్దుకు విలువ కోరేవారు ఎదుటివారి పొద్దుకు కట్టాల్సిన వెల అంతే.